వరండాలో చదివిన మేనేజీరియల్ ఎకనామిక్స్

నెల్లూరు,
11-2-1963

విశ్వవిద్యాలయ రిజిస్ట్రారు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: బి.కాం. ఆఖరు సంవత్సరం విద్యార్థిని కె. కరుణాకుమారికి మేనేజీరియల్ ఎకనామిక్స్‌లో హాజరు చాలదని పరీక్షకు అనుమతి నిరాకరించుట గురించి.

పడవల జకరయ్య గారి కుమార్తెను అగు నేను వ్రాసుకొను మనవి ఏమనగా:

1. మా నాయన బకింగ్‌హాం కాలువలో ఉప్పు పడవలు నడుపుతారు. లారీలు వచ్చి బేరాలు ఎత్తుకుపోతున్నవి. పడవలు ఉంచాలో అమ్మాలో తేల్చే చదువు ఒకటి ఉన్నదని ఎవరో చెప్పగా, "నువ్వు నేర్చుకొని రా పాపా, ఎట్ట చెప్తే అట్ట చేస్తా" అని నన్ను ఈ కోర్సులో చేర్చినారు. ఆయన ఇంకా ఎదురుచూస్తున్నారు. లారీలు మాత్రం ఎదురుచూచుట లేదు.

2. తరగతిలో ఆడపిల్లను నేనొక్కదాన్నే. ఈ సంగతి లెక్చరరు పద్మనాభయ్య గారు మొదటి రోజే కనిపెట్టినారు. ఆడపిల్ల ఎదుట ఉంటే మగపిల్లల మనసు పాఠం మీద నిలవదని సెలవిచ్చి, నా కుర్చీని వరండాలో, కిటికీ పక్కన వేయించినారు. అప్పటినుండి వారందరూ పాఠం మాని కిటికీ వంకే చూచుచున్నారు. ఉన్న వనరులను సద్వినియోగం చేయుట ఎట్లో ఆ విధంగా సోదాహరణంగా నేర్చుకొన్నాము.

3. తుపాను నాడు గొడుగు కింద కూర్చొని డిమాండు సూత్రం వ్రాసుకొన్నాను. సూత్రం సగం కొట్టుకొనిపోయినది.

4. లెక్చరరు గారు ప్రశ్న వేసి, లోపలివారు మౌనం పాటించినప్పుడు, కిటికీలోనుండి నేను జవాబు చెప్పుదును. "భేష్" అందురు. ఎవరినన్నదీ చెప్పరు. హాజరు పిలిచేటప్పుడు నా పేరు దాటిపోతారు. అడిగితే, "రిజిస్టరు గదిలో ఉండేవాళ్లకమ్మా. నువ్వు గదిలో ఉండావా?" అన్నారు.

"మీరే గదా సార్, బయట కూర్చోమనింది?"

"కూర్చోమన్నా. హాజరిస్తానన్నానా?"

తర్కంలో లోపం లేదు.

5. తనిఖీ సంఘం వారు వచ్చిన రోజున మాత్రం నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టి, స్త్రీవిద్యకు నిదర్శనంగా చూపించినారు. సభ్యులలో ఒక పెద్దాయన నా తల మీద చేయిపెట్టి దీవించినారు. వారు కారెక్కగానే నేనూ, నా కుర్చీ వరండాకు చేరినాము. ఆ ఒక్క రోజు నాకు హాజరు పడినది.

6. పరీక్షకు పనికిరానని ఇప్పుడు నోటీసు బోర్డులో పెట్టినారు. ఇంట్లో చెప్పినాను. మా నాయన, "అయితే ఇన్నాళ్లూ వీళ్లు నీకేం చెప్పలేదా పాపా?" అని మాత్రం అడిగినారు. వాళ్లు చెప్పినారనీ, నేను విన్నాననీ, కానీ నేను అక్కడ లేననీ ఆయనకు నచ్చజెప్పలేకపోయినాను. అయ్యా, తమరైనా ఆయనకు అర్థమయ్యేట్టు చెప్పగలరా?

కావున తమరు దయయుంచి, కిటికీ గుండా వచ్చిన చదువును కూడా చదువుగానే ఎంచి, నన్ను పరీక్షకు, అదీ గదిలోనే, కూర్చోనిచ్చేట్లు ఉత్తరువు దయచేయవలెనని, ఈ మొరను ఎండ తగలని చోట కూర్చొని చిత్తగించవలెనని ప్రార్థన.

తమ విధేయురాలు,
కె. కరుణాకుమారి
(వరండా)

తా.క.: ఇది కవరులో పెట్టిన తర్వాత, ఈ ఉదయం నా కుర్చీని నేనే మోసుకొనిపోయి లోపల వేసుకొన్నాను. "ఎవరు రమ్మన్నారు నిన్ను?" అన్నారు లెక్చరరు గారు. "ఎవురూ రమ్మనలేదు సార్. నేనే వచ్చినా" అన్నాను. కుర్చీలోనుండి లేవలేదు. ఆయన పుస్తకమూ రిజిస్టరూ చంకన పెట్టుకొని తామే వరండాలోకి నడిచి, కిటికీలోనుండి పాఠం చెప్పినారు. చివర అక్కడినుండే హాజరు పిలిచినారు. గదిలో ఉన్నవాళ్లందరినీ పిలవక తప్పలేదు. నా పేరు వచ్చింది. "ఉండాను సార్" అన్నాను.

బయటినుండి పిలిచిన హాజరు చెల్లుతుందో లేదో తమరే తేల్చండి. రేపు కూడా నేను లోపలే ఉంటాను.