పన్నెండు మూలల రాయి

చంద్రగిరి,
శుక్రవారం.

ధనంజయ సార్‌కు నమస్కారాలు.

మీరు మా నాయనకు పోస్టులో పంపిన పెరూ దేశపు ఇన్కాల రాతిగోడ ఫోటో అందింది. ఇన్నాళ్లూ జవాబు రాయనందుకు క్షమించండి. "నా సూపు పోయిందని సార్‌కు రాయొద్దు మే" అన్నాడు నాయన. ఈరోజు ఆ మాట దాటుతున్నాను.

సిమెంటు లేకుండా అతికిన ఆ పన్నెండు మూలల రాయిని మాటల్లో చెప్పలేక, చుట్టుపక్కల రాళ్లతో సహా బంకమట్టితో చేసి ఆయన చేతుల్లో పెట్టాను. తడిమి చూసి, "ఈ మూల కాడ తొందరపడినావు. నిజం రాయికైతే ఎర్రజాజు పూసి పక్క రాయికి ఆనించు. ఎరుపు అంటుకున్న కాడ మాత్రమే సెక్కు" అన్నాడు. ఆడపిల్లకెందుకని ముప్పై ఏళ్లుగా నన్ను ముట్టనివ్వని ఉలిని ఆరోజే నా చేతికిచ్చాడు.

నాలుగు నెలలకు మా బావి గట్టున నేను చెక్కిన రెండు రాళ్లు కలిశాయి. కలిసిన రోజే నాయన వాటి మీద గోరు పెట్టి పైనుంచి కిందికి రెండుసార్లు వెతికాడు.

"యాడుండాది మే అతుకు?" అన్నాడు.

మీ మేలు మరిచిపోను సార్. అతుకు ఎక్కడుందో ఆయనకు ఇంకా చెప్పలేదు. రోజూ వెతుక్కుంటూ నవ్వుకుంటున్నాడు.

మీరూ ఒకసారి వచ్చి వెతకండి.