చర్చి పొలం లూసియన్‌కు చెందదు

లూసియన్, మొన్న ఆదివారం భోజనాల దగ్గర వచ్చినవాళ్లతో “ఈ ఊరిని కట్టింది మా పూర్వీకులేనండీ” అన్నావు. తప్పు. వాళ్లు కట్టలేదు, కూల్చారు. భోజనాల గది కిటికీలోంచి ఆరేసిన బట్టలు కనబడుతున్నాయని మొదటి లార్డు ఊరంతా నేలమట్టం చేయించి, జనాన్ని గుట్ట అవతలికి తరిమాడు. దేవుడికి భయపడి చర్చిని మాత్రం వదిలేశాడు. అందుకే అది మన పచ్చిక మధ్య ఒంటరిగా నిలబడింది. ఈ వేసవికి గడ్డి మాడి ఆ ఇళ్ల పునాదులు గీతల్లా బయటపడ్డాయి. వెళ్లి చూడు, కళ్లజోడు కూడా అక్కర్లేదు.

ఇక చట్టం కోరే మాట. గతించిన ఏడవ లార్డ్ ఆల్డర్‌కోట్ భార్యను, ఇసొబెల్ అనే నేను, మతి స్థిమితంగా ఉండి, ఎవరి ఒత్తిడీ లేకుండా, మునుపటి వీలునామాలన్నీ రద్దు చేస్తూ ఇది రాస్తున్నాను. కోపంగా ఉన్న మాట నిజమే. కోపం పిచ్చి కాదని డాక్టరు గారు రాసిచ్చారు. దీన్ని అమలు చేయవలసింది నా మనవరాలు రోజమండ్, వకీలు గిల్‌ఫాయిల్ గారు.

1. హాలు అని పిలిచే ఈ పెద్ద బంగళా, భూములు, బిరుదు నావి కావు, ఇవ్వడానికి నాకు హక్కు లేదు. మీ అక్క రోజమండ్ నీకన్నా పెద్దది. జనవరి చలిలో గొర్రెలకు కాన్పులు చేసేదీ అదే. అయినా మగపిల్లవాడివని అన్నీ నీకొచ్చాయి. నువ్వు చేసిన కష్టమల్లా పుట్టడం.

2. చర్చి పొలం మాత్రం నాది, పెళ్లికి మా నాన్న ఇచ్చింది. ఊళ్లోవాళ్లు చర్చికి నడిచే దారి అందులోంచే పోతుంది. హాలును పెళ్లిళ్లకు అద్దెకిస్తూ, ఫొటోల్లో జనం గొడుగులతో కనబడకూడదని ఆ దారి గేటుకు తాళం వేస్తానన్నావు. ఊళ్లో ఉండే వితంతువు పెగ్ టఫ్‌నెల్ నీ ముందుకొచ్చి, “మా ఆయన అక్కడే ఉన్నాడు బాబుగారూ. ఆయన దగ్గర నాలుగు పూలు పెట్టాలంటే మీ పెళ్లికూతుర్ని అడగాలా?” అంది. నువ్వు నవ్వావు. ఆ నవ్వుతోనే పొలం పోగొట్టుకున్నావు. దాన్ని ఊరి తరఫున ధర్మకర్తగా రోజమండ్‌కు ఇస్తున్నాను. ఆ దారి ఎన్నటికీ మూయకూడదు.

3. టీలో పాలు ముందు పోస్తానని, అది గొప్పింటి పద్ధతి కాదని యాభై ఏళ్లు వెక్కిరించిన ఆడపడుచు వెనీషియాకు నా పాలకూజా. టీపాట్ పెగ్‌కు. బురదలో నడిచేది తనే కనుక లోపల బొచ్చున్న నా బూట్లు కూడా తనకే.

4. లూసియన్‌కు నా ముసలి కుక్క బిస్కే. నువ్వు మాట్లాడితే పూర్తిగా వినే ప్రాణి అదొక్కటే. రాత్రిళ్లు దానికి చలి, దుప్పటి కప్పు.

5. ఈ ఇంటి శవాలన్నీ పెద్ద బాట మీదుగా బండిలో వెళ్లాయి. నన్ను ఊళ్లోంచి, ఆ కాలిదారినే, ఊరివాళ్ల భుజాల మీద తీసుకెళ్లాలి. ఆ గేటులో ఒక్క మనిషే పడతాడు, శవపేటిక పట్టదు. కనుక లూసియన్, ముందురోజే వెళ్లి తుప్పు పట్టిన మరలకు నూనె పోసి, గేటు విప్పి గోడకు ఆనించు. పానా వంటింట్లో, గరిటెల సొరుగులో ఉంది. పనివాళ్లను పంపకు. నువ్వే వెళ్లు.

2022 ఆగస్టు 19, ఆల్డర్‌కోట్.

(సంతకం) ఇసొబెల్ ఆల్డర్‌కోట్

సాక్షులు: నోరా పెట్టిఫర్, నర్సు; హంఫ్రీ డ్యూస్‌బరీ, చర్చి గంటలు మోగించే ఆయన. సాక్షులకు ఆస్తి ఇవ్వకూడదట. అందుకని చెరో కేకు ముక్క ఇప్పుడే పెట్టేశాను.