ఉక్కు మీద బొట్టు

మోరిస్‌విల్,
అక్టోబర్ 5, 2009

అన్నయ్యా,

నీ పాతకాలం నమూనా తుపాకీకి నేను ఎంచి పంపిన రాయితో నిప్పు పుట్టించి పేల్చే చెకుముకి లాక్ గురించి “ఇది వేస్ట్, రవ్వే రావట్లేదు, స్ప్రింగ్ అరగదీసి చూస్తా, లేదంటే రిటర్న్ చేసేస్తా” అని రాశావు. ఆ రెండూ చెయ్యకు. నాలుగు రకాలు విప్పి చూసి, స్ప్రింగ్ బలంగా ఉన్నదాన్నే తీసుకున్నాను. లోపలి భాగాలు రాపిడి లేకుండా నేనే నునుపు చేశాను. ఇక్కడ రాయి తగిలిన ప్రతిసారీ నిప్పురవ్వలు జలజలా రాలాయి.

నువ్వు పంపిన ఫోటో పెద్దది చేసి చూశాను. దసరాకి వదిన ఆయుధపూజ చేసినట్టుంది. రాయి కొట్టుకునే ఉక్కు పలకకి నూనె రాసి, కుంకుమ బొట్టు పెట్టింది. జిడ్డు మీద రాయి జారుతుందే గానీ రవ్వ పుట్టదు. ఆల్కహాల్‌తో శుభ్రంగా తుడిచి, తుపాకీ మందు పోయకుండా ఒకసారి కొట్టి చూడు. ఆకురాయి మాత్రం డ్రాయర్లో పెట్టెయ్. ఈ కవర్లో రెండు కొత్త చెకుముకి రాళ్లు పెట్టాను.

వదినని ఏమీ అనకు. సరిగ్గా రాయి తగిలే చోటే బొట్టు పెట్టింది. శనివారం పోటీలో నువ్వూ అంత సూటిగా గురిపెడితే కప్పు మనదే.

నీ చెల్లి