వెనకగది స్విచ్

శ్రీవారికి,

నమస్కారాలు. ఇక్కడ నేనూ పాపా బాగానే ఉన్నాం. బాగానే అంటే, తింటున్నాం, పడుకుంటున్నాం. మీరూ అక్కడ వేళకి తినండి.

మీరు అడిగినవాటికి ముందు జవాబులు. అత్తయ్య మంచం ఇంకా తీయలేదు. పాప ఆ గదిలోకి వెళ్లనంటోంది. వెనకగది సర్వర్ ఎందుకు అందడం లేదని మాటిమాటికీ అడుగుతున్నారు. అది చెడిపోలేదు. మీరు బయల్దేరిన మర్నాడు నేనే ప్లగ్గు పీకేశాను.

డేటా సెంటర్లలో నెట్‌ని అన్నిటికీ పంచే పెద్ద స్విచ్‌ని ఆ సర్వర్లో ఉత్త సాఫ్ట్‌వేర్‌గా నడుపుతూ పని నేర్చుకుంటానన్నారు, బాగుంది. తర్వాత ఇంట్లో ప్రతి వైరూ దాని గుండానే తిప్పారు. అత్తయ్య గోడబెల్లు కూడా ఊడదీసి, నెట్‌తో మోగే మీట చేతికిచ్చారు. "గోటితో పోయేదానికి గొడ్డలెందుకండీ" అంటే, "నీకు తెలీదులేవే, అక్కడినుంచి కూడా నేను చూసుకోవచ్చు" అన్నారు. మాట పడిపోయి మంచాన ఉన్న మనిషికి ఇక మీట నొక్కే బొటనవేలే దిక్కయింది.

ఇక నర్సమ్మ సంగతి. పక్కగదిలో ఉండి నిద్రపోయిందనీ, ఇంకే ఇంట్లోనూ పని దొరక్కుండా ఏజెన్సీకి ఫిర్యాదు రాయమనీ అన్నారు. నేను రాయను. ఆవిడ నిద్రపోలేదు, బట్టలు మడతపెడుతోంది. నేను వంటింట్లో ఉన్నాను. ఇద్దరికీ ఏ చప్పుడూ వినబడలేదు.

అత్తయ్య నిద్రలోనే పోయారని మీకు చెప్పాను కదా. అబద్ధం. గొంతులో కఫం అడ్డుపడింది. అలాంటప్పుడు తీయడానికే గదా నర్సమ్మని పెట్టుకున్నాం. మేం వెళ్లేసరికి అత్తయ్య వేలు మీట మీదే బిగుసుకుని ఉంది. నెట్ లేనప్పుడు వెలిగే ఎర్రలైటు దాని మీద వెలుగుతోంది. ఆ మధ్యాహ్నం మీరు పంపిన మెసేజ్ ఇంకా నా ఫోన్లో ఉంది: "స్విచ్‌కి కొత్త వెర్షన్ వేస్తున్నా, కాసేపు నెట్ ఉండదు, కంగారుపడకు." చదివి, సరేలే అనుకుని కూరగాయలు తరుగుతూ ఉండిపోయాను. బెల్లు కూడా మోగదని నాకు తట్టలేదండీ. మీకు తట్టలేదా, తట్టనివ్వలేదా, నేనడగను.

కర్మలకి మీరొచ్చి ఉన్నన్నాళ్లూ నోరు మూసుకున్నాను. నా అంతట నేను కాదు, నర్సమ్మే మూయించింది. ఆ ఎర్రలైటు ముందు చూసింది ఆవిడే. "సారుకి చెప్పకమ్మా. కన్నకొడుకు, తట్టుకోలేడు. ఏమన్నా అనాలనుకుంటే నన్నే అననీ" అంది.

మీరు అన్నారు. ఆవిడ పడింది. ఇది చదివాక నాకు ఫోన్ చేయకండి. ముందు ఆవిడకి చేయండి.

ఇట్లు,
మీ ఇంటావిడ