బాపు మిషన్, నా సర్వర్

19 సెప్టెంబర్ 2011

తెలంగాణ కోసం గనుల సమ్మె ఏడో రోజు. బొగ్గు లేదు, కరెంట్ లేదు. లింగంపల్లిల పొద్దున రెండు గంటలు, మధ్యాహ్నం రెండు గంటలు కోత.

ఇన్వర్టర్ మీద రెండే ఉన్నయి. బాపు ఆక్సిజన్ మిషన్, నా సర్వర్. బాపు ముప్పై ఒక్క ఏండ్లు గనిల దిగిండు. ఛాతీ నిండ బొగ్గు దుమ్మే. అయినా సమ్మెను ఒక్క మాట అననియ్యడు.

సర్వర్ ఆఫీస్ స్క్రాప్‌ల దొరికిన పాత పార్ట్స్‌తోని కట్టిన. గోదావరిఖని సమ్మె శిబిరం నుంచి భాస్కర్ బావ కార్మికుల మాటలు రికార్డు చేసి దాంట్లకే పంపుతున్నడు. గనుల ఎవరు పోయిన్రు, ఎట్ల పోయిన్రు. బాపు అన్నీ వింటడు.

22 సెప్టెంబర్

మీటర్ పెట్టి చూసిన. సర్వర్ ఒక్కటే 142 వాట్లు. సిగ్గనిపించింది.

25 సెప్టెంబర్, ఆదివారం

గ్రాఫిక్స్ కార్డ్ పీకేసిన. మూడు డిస్కులల్ల రెండు తీసేసిన. ప్రాసెసర్ స్పీడ్ తగ్గించిన. 68 వాట్లు! బాపుకు చెప్తే, బొగ్గు పెళ్ల విలువ ఇప్పుడు తెలిసిందా బిడ్డా అని నవ్విండు. నవ్వుతోటి దగ్గు. పది నిమిషాలు ఆగలే.

4 అక్టోబర్

కోత పెరిగింది. నేను ఆఫీస్‌కు పోతే పక్కింటి కమలమ్మ బాపు దగ్గర కూసుంటది. సర్వర్‌ను చూపిచ్చి, గా డబ్బా బంద్ చెయ్యరాదా బిడ్డా అన్నది. చేస్తనన్న. చెయ్యలే. బావ కష్టం పోతదని చెప్పుకున్న గానీ, అసలు సంగతి నా పంతం.

11 అక్టోబర్



మధ్యాహ్నం కమలమ్మ ఫోన్. మీ బాపు పెదవులు నీలమైనయి, జల్ది రా అన్నది. సమ్మెతోని బస్సులు సుత బంద్. మాదాపూర్‌ల ఆఫీస్ కాడ ఆటో దొరికేసరికి అరగంట. దవాఖానకు తీస్కపోయినం.

బ్యాటరీ అయిపోతున్నదని ఇన్వర్టర్ కూసిందట. కమలమ్మ వంటింట్ల ఉన్నది. బాపు లేచి ఒక ప్లగ్ పీకిండు.

తన మిషన్‌ది.

12 అక్టోబర్

ఎందుకు పీకినవని అడిగిన. పెంటయ్య పెండ్లాం అంజమ్మ మాట్లాడిన రికార్డు సర్వర్‌లకు వస్తున్నది, సగంల ఆగితే ఎట్ల అన్నడు. పెంటయ్య గనిల బాపు జోడీ. గని పైకప్పు కూలి పెంటయ్య పోయినప్పుడు బాపు పక్కనే ఉన్నడు. నా ఊపిరి ఎట్లనన్న పోయేదే, వాని సంగతి ఎవరు రాసిపెట్టిన్రు అన్నడు.

నేను గట్టిగ అరిచిన. వార్డ్‌ల అందరు చూసిన్రు. తర్వాత మెట్ల మీద కూసోని ఏడ్చిన. ఆ ప్లగ్ నేను ఎప్పుడో పీకాల్సింది.

13 అక్టోబర్

సర్వర్ బంద్ చేసిన. డిస్క్ బావకు పంపిన.

20 అక్టోబర్

సమ్మె ఆగింది, గనులు మళ్ల మొదలైనయి. బాపు ఇంటికొచ్చిండు. పొద్దున ఫోన్ల రికార్డింగ్ పెట్టుమన్నడు. ముక్కు కాడి పైపు సర్దుకోని, నా పేరు యాదయ్య అన్నడు. దగ్గొచ్చింది. ఆపాల్నా అని అడిగిన.

ఆపకన్నడు.