తెలిసినవాళ్లు ఇద్దరు

కందుకూరు మండలం,
సోమవారం.

తాజాసిరి ఎక్స్‌పోర్ట్స్, శంషాబాద్‌లో ఉద్యోగాల విషయం చూసే సారుకు,

నమస్కారం. పేపర్లో మీ ప్రకటన చూశాను. కూరగాయలను విమానంలో బయటి దేశాలకు పంపే మీ కంపెనీకి రైతులతో మాట్లాడే ఇంటర్న్ కావాలని, కవర్ లెటర్ తెలుగులో చేత్తో రాసి పంపాలని ఉంది. మా ఇంట్లో బడి గడప తొక్కినదాన్ని నేనే మొదలు. డిగ్రీ అయిపోయింది కానీ, కవర్ లెటర్ ఎలా రాస్తారో అడుగుదామంటే ఇంట్లో మనిషి లేరు. మా బాపు బాలమల్లును అడిగితే, "లోపం ముందుగాల చెప్పు బిడ్డా. ఎనకసిరి దొరికితే ఇజ్జత్ పోతది" అన్నాడు. సంతలో ఎద్దును అమ్మినా ఆయన అలాగే అమ్ముతాడు.

కాబట్టి నా లోపాలు రాస్తున్నాను. కంప్యూటర్లో తెలుగు టైపు నెమ్మది. ఇంగ్లీషు చదివితే నాకు అర్థమవుతుంది, మాట్లాడితే ఎదుటివాళ్లకు అర్థం కాదు. ఆకలైతే కోపం వస్తుంది. స్టాటిస్టిక్స్ ఒకసారి తప్పాను. ఒకచోట కుదురుగా కూర్చోలేను. ఈ ఉత్తరం మధ్యలోనే లేచి బర్రెలకు నీళ్లు పెట్టి, వాకిలి ఊడ్చి వచ్చాను. ఊడ్చిన వాకిలే.

మంచి గుణాలు కూడా ఒకటో రెండో ఉండొచ్చు. వాటిని నేనే చెప్పుకుంటే బాగుండదు.

మీ జవాబు కోసం చూసే,
సుమలత

తా.క.: ఫోన్ నంబరు రాయలేదు. తెలియనివాళ్లకు ఆడపిల్ల నంబరు ఇవ్వొద్దని మా నానమ్మ కొండమ్మ అంది. మీమీద ప్రత్యేకంగా అనుమానం ఏమీ లేదు. ఆమె అందరినీ అనుమానిస్తుంది.

*

శంషాబాద్,
శుక్రవారం.

సుమలత గారికి,

మీ ఉత్తరం అందింది. సాధారణంగా ఎంపిక కానివారికి మేము జవాబు రాయము. మీకు రాయడానికి కారణం, ఆకలి కోపం గురించి ఒక దరఖాస్తులో చదవడం నాకు ఇదే మొదటిసారి.

అమ్మా, కవర్ లెటర్ అంటే తప్పుల ఒప్పుకోలు కాదు. మూడు పేరాలు చాలు. మొదటి పేరాలో మా కంపెనీలోనే ఎందుకు చేరాలనుకుంటున్నారో చెప్పండి. రెండో పేరాలో మీరు ఏం చేయగలరో, నిజంగా జరిగిన ఒక సంఘటనతో సహా రాయండి. అసలు ప్రాణం అక్కడే ఉంటుంది. మూడో పేరాలో ఎప్పుడు చేరగలరో రాసి, మీ గురించి బాగా తెలిసిన ఇద్దరి పేర్లు ఇవ్వండి. అవసరమైతే వారిని అడిగి మీ గురించి తెలుసుకుంటాం.

ఎంపిక చేసేది నేను కాదు, రైతు విభాగం మేనేజర్ గారు. ఆవిడ మొదటి నాలుగు వరుసలు చదివి మీ ఉత్తరాన్ని పక్కన పెట్టేశారు. నేను తీసి నా బల్ల సొరుగులో ఉంచాను. నెలాఖరు లోపు మళ్లీ రాయండి.

భవదీయుడు,
శ్రావణ్‌కుమార్,
మానవ వనరుల విభాగం

తా.క.: స్టాటిస్టిక్స్ నేను రెండుసార్లు తప్పాను. ఆ సంగతి నా దరఖాస్తులో రాయలేదు.

*

కందుకూరు మండలం,
బుధవారం.

శ్రావణ్‌కుమార్ సారుకు,

నమస్కారం. మీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు. మొదటి పేరా రాసి దీంతో పెడుతున్నాను. మా ఊరి టమాటా కందుకూరు దాటితే ఎటు పోతుందో ఇక్కడ ఎవరికీ తెలియదు, అది తెలుసుకోవాలని ఉంది. మూడో పేరా చిన్నదే: ఎప్పుడు రమ్మంటే అప్పుడు వస్తాను. రెండో పేరాయే కుదరడం లేదు. రాస్తే డప్పు కొట్టుకున్నట్టు ఉంటుంది, కొట్టేస్తే కాగితం ఖాళీగా ఉంటుంది.

ఈలోగా ఇంకో చిక్కు వచ్చింది. మీ ఉత్తరం ఇంట్లో చదివి వినిపించడం నా తప్పు. "అడిగి తెలుసుకుంటాం" అన్న మాట దగ్గర నానమ్మ నన్ను ఆపి, మళ్లీ చదవమంది. మా వైపు సంబంధం కలుపుకునే ముందు అవతలివాళ్లు చెప్పాపెట్టకుండా ఊళ్లోకి మనిషిని పంపి ఆరా తీస్తారు. మీరూ అలాగే పంపుతారని ఆమె తేల్చేసింది. ఫోన్ చేస్తారేమో అని నేను చెప్పినా ఎవరూ వినలేదు. వాడకట్టు మొత్తానికి ఏం చెప్పాలో నేర్పింది.

నిన్న కరెంటు మీటరు చూడడానికి ఒకాయన వచ్చాడు. ఆయనను మంచంమీద కూర్చోబెట్టి, చాయ్ పోసి, నేను ఎంత బుద్ధిమంతురాలినో నలుగురు చెప్పారు. ఆయన చాయ్ తాగి, ఎంత చెప్పినా యూనిట్లు తగ్గవమ్మా అని వెళ్లిపోయాడు. ఈ పొద్దున ప్లాట్లు అమ్మే ఆయన వచ్చాడు. నేను కోడి కూయకముందే లేస్తానని, ఎవరికీ ఎదురు చెప్పనని నానమ్మ అతనితో అంది. రెండూ అబద్ధాలే. వీళ్లలో ఎవరైనా మీ మనిషా?

ఇంకో సంగతి కూడా చెప్పాలి సారు. మా పెద్దబాపు కొడుకు గోవర్ధన్ అన్న కొత్తూరు ఫ్యాక్టరీలో సీసాలకు లేబుళ్లు అంటించే పని నాకోసం మాట్లాడి పెట్టాడు. ఒకటో తారీఖులోపు మీ నుంచి ఏ సంగతీ తెలియకపోతే అక్కడ చేరాలి. అది తప్పు పని కాదు. కానీ పొద్దంతా ఒకే బల్ల ముందు నిలబడాలి. నా సంగతి మీకు తెలుసు.

ఇట్లు,
సుమలత

తా.క.: మీరు అడిగిన రెండు పేర్లు: వార్డు మెంబరు బుచ్చయ్య, అంగన్‌వాడీ టీచరు భాగ్యమ్మ. బుచ్చయ్యకు చెవులు సరిగా వినపడవు. ఏది అడిగినా "మంచిదే" అంటాడు. అందుకే ఆయన పేరు ముందు రాశాను.

*

శంషాబాద్,
శనివారం.

సుమలత గారికి,

ఆ ఇద్దరూ మా మనుషులు కారు. మేము ఎవరినీ పంపము. దయచేసి చాయ్‌లు ఆపించండి.

మొదటి పేరా బాగుంది. మేనేజర్ గారు ఈసారి చివరిదాకా చదివారు. చదివి, "ఇంతకీ ఈ అమ్మాయి ఏం చేయగలదు?" అని అడిగారు. రెండో పేరా పంపండి. నెలాఖరు దగ్గర పడుతోంది.

మరొక విషయం. గురువారం మా గేటు ఎదుటి టీ బండి దగ్గర ఇద్దరు మనుషులు చాలాసేపు నిలబడ్డారట. ఒకాయన భుజాన తువ్వాలు, రెండో అతని చేతిలో హెల్మెట్. శ్రావణ్‌కుమార్ అనే ఆఫీసరు తాగుతాడా, ఆడవాళ్లమీద గొంతు లేపుతాడా, చీకటి పడకముందే ఆడపిల్లలను ఇంటికి పంపుతాడా అని టీ బండి అతన్ని, మా వాచ్‌మన్ బిక్షాన్ని అడిగారు. బిక్షం ఈ సంగతి నాకు ఎంతో సంతోషంగా చెప్పాడు. తానేం జవాబిచ్చాడో మాత్రం చెప్పడం లేదు. వాళ్లు మీకు ఏమైనా తెలుసా?

భవదీయుడు,
శ్రావణ్‌కుమార్

తా.క.: నేను తాగను. మీరు అడిగారని కాదు.

*

కందుకూరు మండలం,
మంగళవారం.

శ్రావణ్‌కుమార్ సారుకు,

ఏ ముఖం పెట్టుకుని రాయాలో తెలియడం లేదు. తువ్వాలు మా బాపుది. హెల్మెట్ గోవర్ధన్ అన్నది. నేను పోవద్దని తలుపుకు అడ్డం నిలబడ్డాను. బాపు నన్ను పక్కకు జరిపి, "వాళ్లు మన గురించి అడుగుతరట. మనం వాళ్ల గురించి అడగకుంటే ఎట్ల? పిల్లను పంపేది మనం" అన్నాడు.

అంతటితో ఆగితే బాగుండేది. మీరు బుద్వేల్‌లో ఉంటారని మీ బిక్షం చెప్పాడట. మీ ఉత్తరం నాకు అందేసరికే వాళ్లిద్దరూ మీ ఇంటికి కూడా వెళ్లి వచ్చారు. మీరు లేరట. మీ ఇంటావిడనే మీ గురించి అడిగారట. ఏం అడిగారు, ఆవిడ ఏమన్నారు అంటే బాపు నోరు విప్పడం లేదు. ఆరా తీసిన మాట అక్కడే వదిలేసి రావాలంటాడు.

దీంతో నా పని అయిపోయిందని నాకు అర్థమైంది. ఒకటో తారీఖున వస్తున్నానని అన్న కొత్తూరు వాళ్లకు చెప్పేశాడు. నిన్నంతా ఇంట్లో నుంచి చేనుకు, చేను నుంచి ఇంటికి తిరుగుతూనే ఉన్నాను. రెండో పేరా మళ్లీ రాయబోయాను. వచ్చింది ఇంతే: నేను ఏం చేయగలనో పనిలో ఉన్నప్పుడు నాకు తెలుస్తుంది, కూర్చుని రాయమంటే తెలియడం లేదు.

మీకు మీ ఇంట్లో నా వల్ల ఏ ఇబ్బంది వచ్చినా క్షమించండి.

సుమలత

తా.క.: బాపు మీ ఇంట్లో ఇచ్చిన టమాటాలు లంచం కాదు. ఉత్త చేతులతో పోరాదని తీసుకెళ్లాడు. లంచమే అయితే మంచివి ఏరి తీసుకెళ్లేవాడు.

*

శంషాబాద్,
గురువారం.

సుమలత గారికి,

మా ఇంట్లో మూడు పూటలా టమాటాయే నడుస్తోంది. వాటి గురించి తప్ప మా ఆవిడ నాతో వేరే మాట మాట్లాడలేదు. ఎవరో ఆడపిల్ల తరఫు మనుషులు వచ్చి నా అలవాట్లు అడిగి వెళ్లారని పక్కింటివాళ్లు నాతో చెప్పినప్పుడు నా పరిస్థితి ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి. నిన్న రాత్రి భోజనాల దగ్గర ఆవిడే విషయం తీసింది.

మీకు ముందే చెప్పి ఉండాల్సిన మాట ఒకటుంది. రైతు విభాగం మేనేజర్ శ్రీలత గారు మా ఆవిడే. దరఖాస్తుల సంగతి ఇంట్లో ఎత్తకూడదని మా ఇద్దరికీ ఒప్పందం. అందుకే వచ్చినవాళ్లు ఎవరో నాకు తెలిసీ ఆవిడకు చెప్పలేకపోయాను. చెప్పనవసరం కూడా లేకపోయింది. మాది తెనాలి వైపు, ఇలా ఇంటికొచ్చి అడగడం ఎరగను కాబట్టి నేను బెదిరాను. ఆవిడ పుట్టిల్లు కొత్తూరు. తువ్వాలు చూడగానే ఇది ఆరా అని తెలిసిపోయిందట. అరుగుమీద కూర్చోబెట్టి, అడిగినవాటికి జవాబులు చెప్పి, ఆ తర్వాత తానూ ఒకటి అడిగిందట: "మరి మీ పిల్ల ఎట్లుంటది?"

మీ నాన్నగారు ముందు గోవర్ధన్‌ను బండి చూసుకురమ్మని పంపారట. ఆ తర్వాత చెప్పింది మా ఆవిడ గ్యాస్ బిల్లు వెనక రాసుకుంది. ఉన్నదున్నట్టు దించుతున్నాను:

"పిల్ల ముంగట ఎన్నడు అనలేదమ్మా, దిష్టి తగుల్తది. మందు డబ్బ మీద రాసింది గామె చదివి చెప్పనిదే మా వాడకట్టుల ఎవ్వరు చేన్ల మందు కొట్టరు. మొన్న టమాట కొనెటోడు కాంట కాడ తరుగు ఎక్కువ తీస్తుంటే గామెనే అడ్డం నిలవడ్డది. కొట్లాడలే. వాడే నవ్వుకుంట బరువు సరిజేసిండు. గట్ల మాట్లాడుడు నాకు ఈ జన్మల రాదు."

ఈ పొద్దున మేనేజర్ గారు ఆఫీసుకు వచ్చి, గ్యాస్ బిల్లును మీ మొదటి పేరాకూ మూడో పేరాకూ మధ్య పిన్ను కొట్టి నా బల్లమీద పెట్టారు. పైన ఎర్ర సిరాతో "తీసుకోండి" అని ఉంది. ఒకటో తారీఖున తొమ్మిదింటికి రండి. కూర్చునే పని కాదు, ఊళ్లు తిరిగే పని.

భవదీయుడు,
శ్రావణ్‌కుమార్

తా.క.: నా గురించి అడిగినప్పుడు మా ఆవిడ మీ నాన్నగారితో ఏం చెప్పిందో ఎంత బతిమాలినా చెప్పడం లేదు. మీరు వీలు చూసుకుని, మెల్లగా ఆయన దగ్గర కనుక్కోగలరు.

ఇంకో తా.క.: సుమలతా, కవరు నేనే అంటిస్తున్న, గీ ముక్క ఆయన చూడడు. మీ బాపు నోటి నుంచి ఏమన్న తెలిసినా మా ఆయనకు మాత్రం రాయకు. మంచిగనే చెప్పిన. తెలిస్తే ఇగ ఇంట్ల పట్టలేం. – శ్రీలత