ఎదుటి కొట్టువాడి నెత్తురు

రక్తపరీక్షల డాక్టరమ్మ గారికి,
వీధి మలుపు దర్జీ నమస్కరించి రాయునది.

నాకు ఉత్తరాలు రాసే అలవాటు లేదు. తప్పులుంటే మన్నించాలి. కరోనా కొత్త రకాలని మన నెత్తురు ఏమాత్రం ఆపుతుందో చూస్తామని, మా వీధిలో అరవై దాటినవాళ్ళందరి దగ్గరా మీరు నెత్తురు తీసుకెళ్ళారు. నిన్న చీటీలొచ్చాయి. అంకె ఎంత పెద్దదైతే నెత్తురు అంత గట్టిగా ఆపినట్టట. నాకు పాత రకానికి ఆరువందల నలభై, కొత్త రకానికి ఇరవై. ఎదుటి కొట్టువాడూ దర్జీయే. వాడికి పాతదానికి అంతే, కొత్తదానికి మాత్రం మూడువందల ఇరవై.

ముప్ఫై ఏళ్ళుగా వాడి పని చూస్తున్నాను. కాజా కూడా తిన్నగా కుట్టలేడు. వాడి నెత్తురు నా నెత్తురుకంటే పని ఎక్కువ నేర్చిందా? చీటీలు తారుమారయి ఉంటాయి. సరిచూడగలరు.

ఇట్లు,
దర్జీ

తా.క.: వాడు చీటీకి అద్దం కట్టించి కొట్లో తగిలించాడు. మా ఆవిడ చూసి "గట్టి ఒళ్ళు" అంది. పెళ్ళయి నలభై రెండేళ్ళు. నా ఒంటి గురించి ఆ మాట ఒక్కసారీ అనలేదు.

* * *

దర్జీ గారికి నమస్కారం.

చీటీలు తారుమారు కాలేదండీ. రెండుసార్లు చూశాను. మీ పనిలోంచే చెబుతాను.

వైరస్ పైన ముళ్ళుంటాయి. వాటితోనే మన కణాన్ని పట్టుకుంటుంది. టీకా వేసినప్పుడు మన ఒళ్ళు ఆ ముల్లు కొలత తీసుకుని, దానిమీద బిగుతుగా కూర్చునే తొడుగులు కుడుతుంది. అవే యాంటీబాడీలు. తొడుగు పడితే ముల్లుకి పట్టు దొరకదు. అయితే వైరస్ తనని తాను నకలు తీసుకునేటప్పుడు తప్పులు దొర్లుతాయి. ఒక్కోసారి సరిగ్గా తొడుగు పట్టే చోటే ముల్లు భుజం కాస్త లేస్తుంది, చంక కాస్త దిగుతుంది. ఇక పాత కొలత హుక్కు అందదు. వైరస్ జారుకుంటుంది. తెలివితో కాదు. అలా జారినదే బతికి పెరుగుతుంది.

మీ ఒళ్ళు బాగానే కుట్టింది. పాత కొలతకి కుట్టింది.

ఇట్లు,
ల్యాబు డాక్టరు

తా.క.: వైరస్ లోపలి లైనింగు అంతగా మారదు. దాన్ని గుర్తుపట్టే కణాలు మనకి వేరే ఉన్నాయి. జబ్బు ముదరకుండా చాలావరకు అవి కాస్తాయి. బెంగ పెట్టుకోకండి.

* * *

డాక్టరమ్మ గారికి దర్జీ నమస్కారాలు.

బెంగ జబ్బు గురించి కాదమ్మా, ఎదుటివాడి గురించి. మీరు కొలత అన్నాక ధైర్యం వచ్చింది. కొలతల్లో నన్ను మించినవాడు లేడు. మా ఆవిడ జాకెట్లు టేపు ముట్టకుండా కుడతాను. పెళ్ళినాటి కొలత కంఠతా వచ్చు.

మీ దగ్గర ఆ కొత్త రకం ఉంటుందిగా. చిన్న సీసాలో పంపండి. నా ఒళ్ళు చూసి కుట్టుకుంటుంది. మీకు శ్రమ లేకుండా నేనే వెతికాను. వీధి చివర దగ్గే పెద్దాయన పక్కన రెండు పూటలు కూర్చున్నాను. తీరా ఆయనది చుట్ట దగ్గుట.

ఇట్లు,
దర్జీ

తా.క.: నిన్న వాడి కొట్లో ఏడుగురున్నారు. ముగ్గురి చేతిలో గుడ్డముక్క లేదు. చీటీ చూడ్డానికే వచ్చారు.

* * *

దర్జీ గారూ, నమస్కారం.

సీసా పంపను. దగ్గేవాళ్ళ పక్కన దయచేసి కూర్చోకండి. కొత్త టీకా వచ్చింది, వేయించుకోండి.

ఇంకో మాట. ఒళ్ళు భలే మొండిది. మొదట ఏ కొలత తీసుకుందో దాన్నే పట్టుకు వేలాడుతుంది. కొత్తది ఎదురుగా నిలబడ్డా ముందు పాత నమూనానే బయటికి తీస్తుంది. మెల్లిగా గానీ మారదు.

ఇతరుల సంగతి నేను చెప్పకూడదు. మామూలుగా మూడువందలు దాటినవాళ్ళు ఈ మధ్య కొత్త రకం తగిలి లేచినవాళ్ళయి ఉంటారు.

ఇట్లు,
ల్యాబు డాక్టరు

తా.క.: చీటీ అడుగున జ్వరం వచ్చిన తేదీ ఉంటుంది. మీది ఖాళీ. అదృష్టవంతులు.

* * *

డాక్టరమ్మ గారికి,

కళ్ళజోడు పెట్టుకుని వీధి దాటాను. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి. వాడి చీటీలో జ్వరం పద్దెనిమిదో తేదీ.

ఇంటికొచ్చి మా ఆవిడ చీటీ వెతికాను. నాకు చూపించలేదు. బియ్యం డబ్బా కింద ఉంది. మూడువందల ఇరవై. జ్వరం పదిహేనో తేదీ. ఆ వారం జలుబని చెప్పి వెనకగదిలో తలుపేసుకు పడుకుంది. నన్ను రానివ్వలేదు. కొట్లో గుడ్డలు కత్తిరించే బల్లమీద పడుకున్నాను.

నలభై రెండేళ్ళుగా ఒకే కప్పు కింద ఉన్నవాణ్ణి. రావలసింది నాకు. వీధి దాటి వాడికెలా వెళ్ళింది? ఇద్దరూ ఎంత దగ్గరగా నిలబడ్డారో, ఎందుకు నిలబడ్డారో మీ యంత్రం చెప్పగలదా? నాకు అన్నం సయించడం లేదు.

ఇట్లు,
దర్జీ

తా.క.: నన్ను చూసి వాడు లేచి నిలబడ్డాడు. ఏ తప్పూ చేయనివాడు నన్ను చూసి ఎందుకు లేస్తాడు?

* * *

దర్జీ గారూ,

ఏం వచ్చిందో యంత్రం చెబుతుంది. ఎందుకు వెళ్ళారో చెప్పదు. ఆవిణ్ణే అడగండి.

ఇట్లు,
ల్యాబు డాక్టరు

తా.క.: మెల్లిగా అడగండి.

* * *

డాక్టరమ్మ గారికి దర్జీ నమస్కరించి రాయునది.

అడిగాను. నోరు పెగలడానికి రెండు రోజులు పట్టింది. తను పెట్టె తెరిచింది. పదకొండు జాకెట్లు. ఏడాదికొకటి. అన్నీ వాడి కుట్టే. ఆ వంకర కాజాలు ఎక్కడున్నా గుర్తుపడతాను.

"పెళ్ళప్పుడు ఒక్కసారి కొలిచారు. ఇప్పటికీ దానికే కుడుతున్నారు. ముగ్గురు పిల్లల్ని కన్నానండీ. మీరు కొట్టుకి వెళ్ళాక ఇవి తొడుక్కుంటేగానీ నాకు ఊపిరాడదు" అంది.

"మళ్ళీ కొలవమనొచ్చుగా" అన్నాను.

"ఎలా అనను? నా కొలత కంఠతా వచ్చని నలుగురిలో అంత మురిసిపోతుంటే!"

జ్వరానికి ముందురోజు వాడు టేపు పట్టుకుంటే తుమ్మిందట. ఉన్నది అంతే.

పదకొండేళ్ళు వాడు ఈ సంగతి పొక్కనివ్వలేదు. చీటీకి అద్దం కట్టించినవాడు దీన్ని మాత్రం దాచాడు. ఇక వాడిమీద కోపం ఎలా నిలబెట్టుకోవాలో తెలియడం లేదు.

కొత్త టీకా వేయించుకున్నాను. ఇంటికొచ్చి టేపు తీసి "నిలబడు" అన్నాను. తను నవ్వు ఆపుకోలేకపోయింది. కొలత తప్పింది. మళ్ళీ తీశాను.

ఇట్లు,
దర్జీ

తా.క.: మీ ఉత్తరం మా ఆవిడకి చదివి వినిపించాను. "మొదటి కొలతనే పట్టుకు వేలాడే మొండి ఒళ్ళు" దగ్గర ఆపమంది. మా ఆయన్ని డాక్టరమ్మ ఎప్పుడు చూసింది అని అడిగింది.

ఇంకో తా.క.: కొలత ఎంతో మీకు రాయొద్దంది. పుస్తకంలో కూడా ఎక్కించలేదు. ఎక్కిస్తే మళ్ళీ కొలిచే పని ఉండదు. వాడు పదకొండుసార్లు కొలిచాడు. నావి పెళ్ళినాటిదీ కలిపి ఇంకా మూడే.